ఊడ్చని వాకిళ్ళు

కృపాదానానికి కాగితం మీదున్న నమ్మకం కన్నతల్లి మీద కూడా లేదని ఆయన భార్య ఎలిశబెతమ్మ ఎగతాళి చేసేది. తల్లి మాటేమో గాని కాగితం సంగతి మాత్రం నిజం. ఎండలో తిరిగి కళ్ళారా చూసొచ్చిన మనిషి చెబితే ఊఁ కొట్టి ఊరుకునేవాడు. అదే ముక్క టైపు చేయించి కింద సంతకం పెట్టి తెస్తే లేచి నిలబడి అందుకునేవాడు. ఢిల్లీలో ఇరవై ఏళ్ళు కుర్చీ అరగదీసిన వాళ్ళకు ఈ జబ్బు రాకపోతే ఆశ్చర్యపడాలి.

ఆయన పుట్టింది నెల్లూరు మిషను కాంపౌండు పక్క సందులో. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి రెబెక్కమ్మ మిషను తరఫున ఊళ్ళు తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ. నల్ల గొడుగు పట్టుకుని, చంకలో సంచీ పెట్టుకుని, సముద్రపు ఒడ్డునున్న పాళేలన్నీ కాలినడకన చుట్టేది. సెలవుల్లో కొడుకు కూడా ఆమె వెంట ఇసుకలో కాళ్ళీడ్చేవాడు. ఆ కష్టంతోనే అతన్ని బి.ఏ. దాకా చదివించింది. యుద్ధం రోజుల్లో అతను ఢిల్లీ రైలెక్కి రక్షణ శాఖలో గుమాస్తాగా చేరాడు.

చేరినచోటే ఉండిపోయే రకం కాదు. ఇతరులు ఆరు పేజీలు రాసేది ఇతను పేజీన్నరలో తేల్చేవాడు, ఆ పేజీన్నరలో వేలు పెట్టడానికి సందు ఉండేది కాదు. 1958 నాటికి అండర్ సెక్రటరీ అయ్యాడు. మరుసటేడు ఆయన చేతికి ఒక పెద్ద పని వచ్చింది. దేశంలో సైన్యం ఫిరంగులు కాల్చి సాధన చేసే రేంజిలు చాలా ఉన్నాయి. ఒక్కో రేంజిలో ఒక్కో పద్ధతి. అన్నిటికీ కలిపి ఒకే విధానం రాయమన్నారు. పుట్టి బుద్ధెరిగి తుపాకీ ముట్టుకోని మనిషి ఫిరంగులకు శాస్త్రం రాశాడు!

ఆ శాస్త్రానికి ప్రాణం మూడు పేజీల ఫారం. అందులో పదకొండో గడి సముద్రం ఒడ్డునున్న రేంజిల కోసం. 'ప్రమాద ప్రాంతంలో ఉన్న పడవల సంఖ్య' అని ఉంటుంది. అక్కడ సున్న పడి, కింద సివిల్ అధికారి సంతకం ఉంటేనే ఫిరంగి పేలాలి. సంతకం లేకపోతే సేనాధిపతి వచ్చినా పేలగూడదు. ఈ గడి తన ఆలోచనేనని కృపాదానానికి లోలోపల చెప్పలేనంత గర్వం. దానివల్ల ఎంతమంది జాలరుల ప్రాణాలు నిలుస్తాయో అని ఎలిశబెతమ్మకు పదేపదే చెప్పేవాడు. ఆమె చారులో ఉప్పు సరిపోయిందా అని అడిగేది.

1963లో మైపాడుకు దక్షిణాన, సరుగుడు తోపుల అవతల, కొత్త రేంజి పెట్టారు. దానికి సివిల్ అధికారిగా పోతానని ఆయనే అడిగి మరీ వేయించుకున్నాడు. సొంత జిల్లా, సొంత ఫారం. రెండేళ్ళు ఇక్కడ బాగా నడిపి చూపిస్తే డిప్యూటీ సెక్రటరీగా తిరిగి రావచ్చని ఢిల్లీలో పైవాళ్ళు మాటిచ్చారు. నెల్లూరులో ఇల్లు తీసుకున్నాడు. రేంజికి రెండు మైళ్ళ దూరంలో నలభై ఇళ్ళ జాలరుల పల్లె, పట్టపుపాళెం, ఉంది. అక్కడికి మాత్రం ఆయన పోలేదు. దండోరా వేయించడానికి, వివరాలు రాసుకురావడానికి పద్మనాభయ్య అనే గుమాస్తా ఉన్నాడు కదా!

1964 ఫిబ్రవరిలో మొదటి పెద్ద ప్రదర్శన. ఢిల్లీ నుంచీ మద్రాసు నుంచీ అతిథులు వస్తున్నారు. పొద్దున తొమ్మిదిన్నరకు కాల్పులు. ముందురోజు పది గంటలకు పద్మనాభయ్య పాళెంలో దండోరా వేయించాడు. పాళెం పెద్దకాపు చిన్నపోలయ్య కూడా దురాయి వేశాడు. దురాయి అంటే ఊరి కట్టడి. సర్కారు నోటీసును గాలికి వదిలేసినా వదిలేస్తారు గాని, దురాయి మీరిన వాడికి ఆ పాళెంలో నిప్పు పుట్టదు, నీళ్ళు పుట్టవు. రేపు ఎవరూ వేటకు పోగూడదని గట్టిగా చెప్పారు. ఆ సాయంత్రం పద్మనాభయ్య ఫారం తెచ్చాడు. పదకొండో గడిలో సున్న ఉంది. కృపాదానం కళ్ళజోడు సర్దుకుని సంతకం చేశాడు. ఆ ఫారం ఆ రాత్రే రేంజికి చేరిపోయింది.

మర్నాడు ఎనిమిది గంటలకు ఆయన జీపు పాళెం దగ్గర ఇసుకలో దిగబడింది. డ్రైవరు చక్రాల కింద తాటాకులు వేస్తుంటే, ఇంకా చాలా టైముంది కదా, ఒడ్డెంట రెండు మైళ్ళు నడిచి పోదామని కృపాదానం దిగాడు. పాళెం వీధిలోంచి నడుస్తున్నాడు. పొద్దున్నే ఊడ్చి నీళ్ళు చల్లిన వాకిళ్ళు శుభ్రంగా మెరుస్తున్నాయి. నాలుగిళ్ళు దాటాక ఒక వాకిలి నిండా సరుగుడు ఆకు రాలి ఉంది. నిన్నటి కుక్క అడుగులు అట్లాగే ఉన్నాయి. బద్ధకపు ఇల్లాలు కాబోలనుకున్నాడు. ఇంకో రెండిళ్ళ అవతల మళ్ళీ అట్లాంటిదే. ఆ ఇంట్లో ఇల్లాలు బద్ధకస్తురాలేం కాదు, అప్పటికే బిందెలు తోమి బోర్లించి, గడప దగ్గర కూచుని వల అల్లుతూ ఉంది. చీపురు మాత్రం చూరులోంచి తీయలేదు.

అప్పుడు ఆయనకు తల్లి మాట గుర్తొచ్చింది. ఏడెనిమిదేళ్ళప్పుడు, ఇట్లాంటి పాళెంలోనే, రెబెక్కమ్మ అతని చెవి పట్టుకుని చెప్పింది. "ఊడ్చని వాకిట్లోకి పోబాక రా. మనిషేడని అడగబాక. వాళ్ళాయన సముద్రం మీద ఉండాడు. ఆయనొచ్చి గడప తొక్కేదాకా వాళ్ళు చీపురు పట్టరు, ఎంతమంది పోయినారో లెక్క కూడా చెప్పరు. చెబితే సముద్రానికి కన్ను పడతాదంట."

కృపాదానం గిరుక్కున వెనక్కి తిరిగాడు. వీధి మొదటికి తిరిగొచ్చి ఈసారి లెక్కపెట్టుకుంటూ నడిచాడు. ఒకటి, రెండు, మూడు. వీధి చివర ఒంటిగా ఉన్న ఇంటితో కలిపి ఏడు. ఈ పాళేల్లో ఒక్కో తెప్ప మీద ఒకే ఇంటి మగవాళ్ళు పోతారు, ఏడు వాకిళ్ళంటే ఏడు తెప్పలు.

చిన్నపోలయ్య ఎదురొచ్చి దండం పెట్టాడు. "దురాయి ఏసుండాం సార్. ఈ పొద్దు ఒక్క తెప్ప కూడా కదల్లేదు."

"నిన్న తెల్లవారకముందే పోయినవి ఉన్నాయా, పెద్దకాపూ? దండోరా వేయకముందు?"

చిన్నపోలయ్య సముద్రం వైపు తిరిగాడు. గాలి గురించి ఏదో గొణిగి, తలగుడ్డ విప్పి మళ్ళీ చుట్టుకున్నాడు. ఇంక అడగాల్సిందేమీ లేదు. దూరపు వేటకు పోయిన తెప్పలు ఒక రాత్రి సముద్రం మీదే ఉండి, మర్నాడు మధ్యాహ్నం సముద్రపు గాలి లేచాక దాని మీద తిరిగొస్తాయి. దండోరా వాళ్ళ చెవిన పడలేదు. 'రేపు పోగూడదు' అన్న దురాయి నిన్ననే పోయినవాళ్ళను కట్టదు. పద్మనాభయ్య నిన్న ముగ్గుర్ని అడిగి ఉంటాడు, ముగ్గురూ సముద్రం వైపు తిరిగి ఉంటారు. పాపం, ఆయన గూడూరు అవతలి వరిపొలాల ఊళ్ళో పుట్టిన మనిషి, ఆయనకేం తెలుసు? ఎవరూ చెప్పలేదంటే ఎవరూ లేరనే అనుకుని సున్న చుట్టాడు.

కానీ తనకు తెలుసు. తెలిసి కూడా ఆ గడి గీసింది తనే.

గంట ఎనిమిదీ పాతిక. కృపాదానం బూట్లు విప్పి అక్కడే పారేసి పరిగెత్తాడు. నలభై ఆరేళ్ళ మనిషి, పైగా మెత్తటి ఇసుక. అడుగు వేస్తే మడమ దాకా దిగిపోతుంది. తడి ఇసుక మీదికి దిగితే నత్తగుల్లలు కోస్తున్నాయి. అర మైలు పోయేసరికి ఊపిరి అందలేదు, పక్కటెముకల్లో పోటు మొదలైంది. నడిచాడు, మళ్ళీ పరిగెత్తాడు. ఇంకా ముప్పావు గంటే ఉందని ఒకసారి, అర గంటే ఉందని ఒకసారి చేతి గడియారం చూసుకున్నాడు. దేవా, ఈ ఒక్కసారికి నన్ను అందించు తండ్రీ అని పైకే ఏడుస్తూ పరిగెత్తాడు. ఆ గంటలో ఆయనకు డిప్యూటీ సెక్రటరీ గుర్తు రాలేదు.

రేంజి కావలి మంచె దగ్గరికి చేరేసరికి తొమ్మిదీ పది. షామియానా కింద అతిథులు కుర్చీల్లో కూచుని కాఫీ తాగుతున్నారు. మంచె మీద కర్నలు ఫోను పక్కనే ఉన్నాడు. చొక్కా తడిసి, కాళ్ళు నెత్తురు కారుతూ, బూట్లు లేకుండా వచ్చిన అధికారిని చూసి ఆయన మొహం చిట్లించుకున్నాడు.

"సార్, కాల్చకండి. సముద్రం ఖాళీగా లేదు."

"ఖాళీగా ఉందని మీరే సంతకం చేశారు," అన్నాడు కర్నలు ఇంగ్లీషులో, ఫారం తీసి చూపిస్తూ.

"నా సంతకం అబద్ధం సార్. ఏడు తెప్పలున్నాయి."

కర్నలు దుర్భిణి కళ్ళకు పెట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాడు. ఎండ పొగలో నీళ్ళు తప్ప ఏమీ లేవు. నాలుగు దుంగలు కలిపి కట్టిన తెప్ప నీళ్ళకు జానెడు ఎత్తులో ఉంటుంది. రెండు మైళ్ళవతల ఉన్నదాన్ని గద్దకళ్ళు కూడా పట్టలేవు.

"నాకేమీ కనబడటం లేదు. మీకు ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. వాకిళ్ళు ఊడ్వలేదు."

కర్నలు ఆయన వంక ఎగాదిగా చూశాడు. ఎండదెబ్బ తగిలిందనుకున్నాడేమో, నీళ్ళు తెప్పించాడు. కృపాదానం నీళ్ళు తాగుతూనే సంగతంతా చెప్పాడు. కర్నలు చెడ్డవాడు కాదు గాని, కింద ఢిల్లీ నుంచి వచ్చిన పెద్దలు గడియారాలు చూసుకుంటున్నారు. "ఆడవాళ్ళు చీపురు పట్టలేదని నేను ఫిరంగులు ఆపానని రాసుకోమంటారా? ఆపాలంటే ఒకటే దారి. నిన్న తప్పుడు ధ్రువీకరణ ఇచ్చానని మీ చేత్తో రాసి సంతకం చేయండి. ఏం రాస్తున్నారో ఆలోచించుకోండి," అన్నాడు. అప్పటికి తొమ్మిదీ ఇరవై రెండు.

ఆ రాతతో ఉద్యోగం గంగపాలవుతుందని కృపాదానానికి తెలియకేం? అట్లాంటి రాతలు చదివి ఎంతమంది ఫైళ్ళు మూసిన చెయ్యి అది! బల్ల మీదికి వంగి నాలుగు లైన్లు రాసి ఇచ్చాడు. కర్నలు ఫోనెత్తి కాల్పులు ఆపమన్నాడు.

ఆ తర్వాతి రెండున్నర గంటలు కృపాదానం జీవితంలో అన్నిటికంటే పొడుగైనవి. పది దాటింది, పదకొండు దాటింది. సముద్రం మీద పురుగు కూడా కదల్లేదు. కింద నవ్వులు మొదలయ్యాయి. ఒకవేళ ఆ ఇల్లాళ్ళకు నిజంగానే బద్ధకమైతే? ఆ తెప్పలు రాత్రే ఇంకో ఊరి ఒడ్డుకు చేరి ఉంటే? గోరుచుట్టు మీద రోకటిపోటులా ఆ పెద్దల్లో ఒకాయన వచ్చి, "మీ చీపుర్లు ఏమంటున్నాయి?" అని అడిగి పోయాడు.

పదకొండున్నరకు సముద్రపు గాలి తిరిగింది. పన్నెండుకు పది నిమిషాలుందనగా ఎర్రమట్టి రంగు తెరచాప ఒకటి పొగలోంచి బయటపడింది. కర్నలు దుర్భిణి దించి మళ్ళీ ఎత్తాడు. వెనకే ఇంకోటి. ఒంటిగంటన్నరకు ఆరు తెప్పలు ఒడ్డు ఎక్కాయి. సిపాయిలు మొదటి తెప్పవాణ్ణి పట్టుకొచ్చి రాత్రి ఎక్కడున్నావని అడిగితే వాడు సంతోషంగా చెప్పాడు. "ఎవరో మహానుబావుడు నడి సముద్రంలో తెల్లపీపాలు కట్టిపెట్టుండాడు సార్. లంగరు ఎయ్యాల్సిన పని లేకుండా వాటికే తాడేసి ఆరు తెప్పలోళ్ళమూ గాలి లేచేదాకా కమ్మగా పడుకున్నాం."

ఆ పీపాలే ఫిరంగుల గురి. ఆ మాట విన్నాక షామియానా కింద ఎవరూ నవ్వలేదు.

"సరే, ఆరూ వచ్చాయి. ఇంక కాల్చవచ్చా?" అన్నాడు కర్నలు. గొంతు మారింది.

"ఏడు సార్. ఇంకోటి రావాలి."

రెండింటి దాకా చూశారు. మూడింటి దాకా చూశారు. రాలేదు. సివిల్ అధికారి సంతకం లేనిదే పేల్చడానికి లేదు, ఆ నిబంధన రాసినవాడు ఎదురుగా రాయిలా కూచున్నాడు. అతిథులు కార్లెక్కి వెళ్ళిపోయారు. ప్రదర్శన జరగలేదు.

ఏడో ఇల్లు వీధి చివర ఒంటిగా ఉన్నదే. ఆ సాయంత్రం కృపాదానం కుంటుకుంటూ అక్కడికి పోయాడు. ముప్పై ఏళ్ళ మనిషి, నుదుట రూపాయంత కుంకుమ, చేతుల నిండా గాజులు, ఎండు చేపలు ఏరుతూ ఉంది. పేరు చెంచమ్మ. పీపాకు తాడేసిన వాళ్ళల్లో ఒకడు ఆమె తమ్ముడు. వాడు పక్కనే కూచుని సంగటి తింటున్నాడు.

"మీ ఇంటాయన తెప్ప ఇంకా రాలేదమ్మా," అన్నాడు కృపాదానం.

"వస్తాడు లే సార్," అంది ఆమె, చేపల మీదినుంచి తలెత్తకుండా.

చిన్నపోలయ్య ఆయన మోచెయ్యి పట్టుకుని పక్కకు తీసుకుపోయాడు. "ఆ అబ్బయ్య పోయి మూడేండ్లయింది సార్. గాలివానకు ముందు రోజు పోయినాడు. తెప్పా దొరకలేదు, మనిషీ దొరకలేదు. ఆయమ్మ ఆ పొద్దు నించి చీపురు ముట్టలేదు. మేమూ ఏమనం. ఎట్టా అంటాం?"

కృపాదానం ఇసుకలో చతికిలబడ్డాడు. తను రోజంతా ఎవరికోసం కాపు కాశాడో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది. కాసేపటికి ఆ సిగ్గు పోయి ఏడుపొచ్చింది, ఎందుకో ఆయనకే తెలియదు.

విచారణ ఏప్రిల్‌లో జరిగింది. ఆరు తెప్పలు, పద్దెనిమిది మంది బతికిన సంగతి రిపోర్టులో ఒక్క లైను. తప్పుడు సంతకం గురించీ, లేని ఏడో తెప్ప కోసం పోగొట్టిన మధ్యాహ్నం గురించీ రెండు పేజీలు. విచారణ చేసిన పెద్దమనిషి దయగలవాడే. "గుమాస్తా మోసపూరితంగా సున్న రాశాడని చెప్పండి. సంగతి అతనితో పోతుంది," అన్నాడు. బయట బెంచీ మీద పద్మనాభయ్య ప్రాణాలు ఉగ్గబట్టుకుని కూచున్నాడు.

"సున్న ఆయన రాశాడు సార్. ఆ గడి నేను గీశాను," అన్నాడు కృపాదానం.

ప్రమోషను పోయింది. పాత ఫైళ్ళు బూజు పట్టే గదికి బదిలీ చేశారు. ఏడాది అక్కడ దగ్గుతూ గడిపి, 1965లో రాజీనామా ఇచ్చి వచ్చేశాడు. ఎలిశబెతమ్మ మిషను బడిలో టీచరు, ఇల్లు ఆమె జీతంతో నడిచింది.

గూడూరులో, రైలు స్టేషనుకు కూతవేటు దూరంలో, నిమ్మకాయల మండీ పైన ఒక పొడుగాటి గది అద్దెకు తీసుకుని 'తీర రక్షణ చర్చా మండలి' అని బోర్డు పెట్టాడు. గూడూరే ఎందుకంటే అది జంక్షను. మద్రాసు పేపర్లు నెల్లూరు కంటే ముందు అక్కడ దిగుతాయి. సభ్యులు ఐదుగురు. మొదట చేరినవాడు పద్మనాభయ్యే. నెలకోసారి కూచుని తీరం కాపలా గురించీ, యుద్ధం వస్తే ఊళ్ళు ఏం చెయ్యాలనే దాని గురించీ వాదించుకునేవారు. తేల్చిన ముక్కలు సైక్లోస్టైలు తీసి ఢిల్లీకి పంపేవారు. ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కిందట అని మండీ వాళ్ళు నవ్వుకునేవారు. ఢిల్లీ వాళ్ళు నవ్వను కూడా నవ్వలేదు. రెండేళ్ళ పాటు ఒక్క జవాబు రాలేదు.

ఒక్క తేడా మాత్రం వచ్చింది. కృపాదానం ఇప్పుడు ఏ కాగితం రాసినా ముందు కాళ్ళకు ఇసుక అంటించుకునే రాసేవాడు.

ఈలోగా రేంజిలో పని ఆగిపోయింది. పీపాల సంగతి తెలిశాక పాళేల వాళ్ళు దురాయి వేయడం మానేశారు. పిల్లికి చెలగాటం ఎలుకకు ప్రాణసంకటం, మీ సున్నాలు మాకొద్దన్నారు. సైన్యం వాళ్ళకు ఏం చెయ్యాలో పాలుపోలేదు. సరిగ్గా అప్పుడు మండలి పంపిన పేజీన్నర కాగితం ఢిల్లీలో ఎవరి కంటనో పడింది. అందులో ఉన్నది ఒకటే మాట. కాల్పుల రోజు పొద్దున రేంజి మనిషి, పెద్దకాపు కలిసి వీధి చివరిదాకా నడవాలి. ఊడ్చని వాకిలి ఒక్కటున్నా ఫిరంగి పేలగూడదు. ఎవర్నీ ఏమీ అడగనక్కరలేదు, ఎవరూ లెక్క చెప్పనక్కరలేదు.

1967 ఫిబ్రవరిలో ఢిల్లీ నుంచి ఒక జాయింట్ సెక్రటరీ దిగి రేంజి బంగళాకు కృపాదానాన్ని పిలిపించాడు. కుర్చీ వేయించాడు, కాఫీ ఇప్పించాడు. పద్ధతి బాగుందన్నాడు. సోమవారం నాడు మొదటిసారి నడిపి చూస్తామన్నాడు. కృపాదానం గుండె పొంగింది. అప్పుడు జాయింట్ సెక్రటరీ అసలు మాట తీశాడు.

"ఆరేళ్ళుగా ఊడ్వని ఇల్లు ఒకటుందట. ఆ ఇల్లున్నంత కాలం రేంజి మూసుకోవాలా?"

"ఆ ఒక్క ఇంటిని మినహాయిద్దాం సార్."

"ఇవాళ ఒకటి మినహాయిస్తే రేపు పది. మినహాయింపు ఉన్న నిబంధనను ఎవరూ నమ్మరు. ఆ సూత్రం మీరు రాసిన పాత నోటులోదే, చదివాను. సోమవారం ఒక్క వాకిలి ఊడ్వకపోయినా ఈ పద్ధతి రద్దు. మంగళవారం నుంచి పాత ఫారమే, దురాయి ఉన్నా లేకపోయినా."

తను తీసిన గోతిలో తనే పడ్డట్టయింది. చిన్నపోలయ్యతో మాట్లాడి చూశాడు. ఆయన కూడా తల అడ్డంగా ఊపాడు. "ఆ ఇల్లు లెక్కలో లేదని నా నోటితో అంటే, ఆ అబ్బయ్య సచ్చిపోయినాడని ఊరు తీర్మానం చేసినట్టే సార్. ఆయమ్మ గాజులు మేం పగలగొట్టినట్టే. నా వల్ల కాదు."

ఇంక మిగిలింది చెంచమ్మే. ఊడిస్తే పద్దెనిమిది మందికీ, వాళ్ళ తర్వాతి వాళ్ళకీ ప్రాణభయం లేదు. కానీ మొగుడు రాకుండా చీపురు పట్టడమంటే ఆయన పోయాడని ఒప్పుకోవడమే, ఆ క్షణం నుంచి ఆమె సుమంగళి కాదు. శనివారం పొద్దున కృపాదానం ఆమె వాకిలి ముందు నిలబడ్డాడు. ఆరేళ్ళ సరుగుడు ఆకు అడుగు మందాన పరుచుకుని ఉంది, గడపకు పోవడానికి ఒక సన్నటి కాలిబాట మాత్రం ఉంది.

"రా సార్. ఎందుకొచ్చినావో నాకు తెలుసు," అంది చెంచమ్మ. "అడగబాక. అడిగితే నేను కాదనలేను. ఆ పొద్దు మా తమ్ముడు ఆ పీపాకు తాడేసుకోని పడుకోనుండె. నువ్వు నెత్తురు కారేట్టు పరిగెత్తినావు. నువ్వు నోరు తెరిచి అడిగితే నేనెట్టా కాదంటా? అందుకే అడగబాక సార్."

కృపాదానం "అడగనమ్మా," అని వెనక్కి తిరిగాడు.

ఆ సాయంత్రం మండలి గదిలో పద్మనాభయ్య మొట్టమొదటిసారి ఆయన మీద అరిచాడు. "ఒక్క మాట సార్! ఒక్క మాట అడిగితే ఇన్ని ప్రాణాలు నిలుస్తాయి. మూడేళ్ళ కష్టం! మీరు గాకపోతే నేను పోయి అడుగుతా."

"నువ్వూ అడగొద్దు పద్మనాభయ్యా. అడిగి చేయించేదయితే దురాయి వేసి చేయించవచ్చు, పోలీసుల్ని పెట్టి చేయించవచ్చు. నేను రాసిన దాంట్లో ఎవర్నీ అడగనక్కరలేదనే ఉంది." ఆ మాట అన్నాడే గాని, రాత్రంతా కంటి మీద కునుకు లేదు. మంగళవారం తర్వాత మళ్ళీ ఎవడో ఆ పీపాలకు తాడేసుకుని పడుకుంటే ఆ పాపం ఎవరిది?

సోమవారం ఎనిమిదింటికి పాళెం చేరాడు. వీధి మొదట్లో రేంజి వాళ్ళు కొయ్యకు ఫోను బిగించారు. ఒక సుబేదారు, చిన్నపోలయ్య, వాళ్ళ వెనక కృపాదానం నడిచారు. ఈసారి ఎవరూ ముందురోజు పోలేదు. ఒక్కో వాకిలీ నీళ్ళు చల్లి అద్దంలా ఉంది. ముప్పై దాటాయి, ముప్పై అయిదు. ఆడవాళ్ళంతా గడపల్లో నిలబడి వీధి చివరి వైపే చూస్తున్నారు. కృపాదానం తలెత్తలేకపోయాడు. అయిపోయింది, ఇంకో నాలుగిళ్ళు నడిస్తే అంతా అయిపోయిందనుకుంటున్నాడు.

బరబరమని చీపురు చప్పుడు వినపడింది.

చెంచమ్మ నడుం వంచి ఊడుస్తూ ఉంది. ఆరేళ్ళ ఆకు ఒక చీపురుకు కదిలేది కాదు. పారతో చెక్కి, చేతులతో ఎత్తి, మళ్ళీ ఊడుస్తూ ఉంది. ఎప్పుడు మొదలుపెట్టిందో, ముప్పాతిక వాకిలి అప్పటికే బయటపడింది. తమ్ముడు సాయం రాబోతే చేత్తోనే వద్దంది. ఎవరి వైపూ చూడలేదు. గడప దగ్గర మొదలుపెట్టి వీధి దాకా ఊడ్చి, నీళ్ళు తెచ్చి చల్లి, చీపురు గోడకు ఆనించింది. తర్వాత తనే పోయి ఆ తడి వాకిట్లో మధ్యన కూచుంది.

వీధి వీధంతా బిగుసుకుపోయింది. ముందు ఒక ముసలామె కదిలింది. ఆమె వెనక ఇంకొకామె. ఎవరూ పిలవలేదు, ఎవరూ చెప్పలేదు. ముప్పై తొమ్మిది గడపల్లోంచి ఆడవాళ్ళంతా దిగొచ్చి ఆ వాకిట్లో చెంచమ్మ చుట్టూ చతికిలబడ్డారు. ముసలామె ఆమె తలను ఒళ్ళోకి లాక్కుంది. ఒక్కసారిగా ఏడుపులు లేచాయి. మగవాళ్ళు తలగుడ్డలు తీసేశారు.

వీధి మొదట్లో ఫోను మోగింది. తొమ్మిదీ ఇరవై అయింది. సుబేదారు కాలు కదపలేక నిలబడిపోతే కృపాదానమే పోయి ఎత్తాడు.

"వాకిళ్ళన్నీ ఊడ్చారా?" అన్నాడు అవతలి నుంచి కొత్త కర్నలు.

"అన్నీ ఊడ్చారు సార్. కానీ ఈ రోజు కాల్చకండి. ఊళ్ళో చావు జరిగింది."

"అయ్యో. ఎవరు? ఎప్పుడు?"

కృపాదానం వీధి చివరి వైపు చూశాడు. కళ్ళజోడు మసకబారి ఏమీ కనబడలేదు.

"ఒక జాలరి. ఇప్పుడే సార్," అన్నాడు.